ఎర్రమట్టి ముందుగా నల్లబడుతుంది

"మామా, స్క్రీను మాసిపోయినట్టున్నది."

పోయిన దసరా సెలవుల్లో మా అక్క కొడుకు అన్న మాట ఇది. వాడు మైన్‌క్రాఫ్ట్ అనే దిమ్మెల ఆటలో కట్టుకున్న ఊరికి నాలుగు రాత్రులు కూర్చుని నేనొక చీకటి షేడర్ రాసి ఇచ్చాను. వాడు ఆ మాట అని ఊరుకోలేదు. చెయ్యి చాపి ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచేశాడు. నాలుగు రాత్రులు కష్టపడి నేను దించిన వెలుతురంతా ఒక్క మీట నొక్కుడుతో తిరిగొచ్చింది. వాడు చేసింది సరైన పనే. నేను ఇచ్చింది చీకటి కాదు, వెలుతురు సరిపోని తెర. చూసేవాడి చెయ్యి బ్రైట్‌నెస్ మీటకు పోయిందంటే రాసినవాడి పని కుదరలేదనే అర్థం.

షేడర్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఆటలో ఇల్లెక్కడుంది, చెట్టెక్కడుంది, ఆడేవాడు ఎటు చూస్తున్నాడు అనే లెక్క తేలాక, తెర మీద ఒక్కో చుక్కకు ఏ రంగు వెయ్యాలో నిర్ణయించే చిన్న ప్రోగ్రామే షేడర్. అడ్డం 1920, నిలువు 1080 ఉన్న తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. సెకనుకు 60 బొమ్మలు గీయాలంటే ఆ చిన్న ప్రోగ్రాం సెకనుకు 12 కోట్ల 44 లక్షల సార్లు నడవాలి. ఒక్కరే చేనంతా చుట్టి రాకుండా, సాలుకొకరు నిలబడి కలుపు తీసినట్టు గ్రాఫిక్స్ చిప్ ఈ చుక్కల్ని గుంపులు గుంపులుగా ఒకేసారి లెక్కగడుతుంది. షేడర్ అనే పేరు 1980ల చివర్లో పిక్సార్ వాళ్ళ రెండర్‌మ్యాన్‌తో బాగా వాడుకలోకొచ్చింది. ఇంట్లో వాడే కంప్యూటర్ కార్డుకు ఎవరి షేడర్ వాళ్ళు రాసుకునే వీలు 2001లో ఎన్విడియా జీఫోర్స్ 3తో మొదలైంది.

మైన్‌క్రాఫ్ట్‌కు షేడర్ వేస్తే ఆట మారదు. దిమ్మెలు అవే, దారులు అవే, గొర్రెలు అవే. వాటి మీద పడే వెలుతురు మారుతుంది, దాంతో అక్కడ నడిచే మనిషి నడక మారుతుంది. ఆటకు జోడించుకునే ఐరిస్ అనే మాడ్ వేసుకుంటే షేడర్ ఫోల్డర్‌లోని ఫైళ్ళను తెరిచి మామూలు ఉత్తరం దిద్దినట్టు దిద్దుకోవచ్చు. వాటిలో 'ఫైనల్' అనే ఫైలు అన్నిటికన్నా ఆఖరున, బొమ్మ పూర్తయి తెరకు పోయే ముందు నడుస్తుంది. నేను పొరపాటు చేసింది అక్కడే. వచ్చిన రంగును 0.4తో హెచ్చించి వదిలేశాను. చంద్రుడు, దీపం, మట్టి, నీళ్ళు అన్నీ ఒకే పాళ్ళలో తగ్గాయి. రాత్రిపూట అన్నీ ఒకే పాళ్ళలో తగ్గవు. ఈ సంగతి పన్నెండేళ్ళ వయసులోనే నా కాళ్ళకు తెలుసు. రాసేటప్పుడు గుర్తు రాలేదు.

వాడు ఆటలో కట్టుకున్నది మా మొగుడంపల్లినే. కర్ణాటక హద్దు దగ్గరి ఊరు మాది. జహీరాబాద్ మండలంలో ఉండేది, 2016లో సొంతంగా మండలమైంది. మా నేలలోని ఎర్రమట్టి కోసం వాడు టెర్రకోటా దిమ్మెలు ఎంచుకున్నాడు. జొన్న లేదు కాబట్టి గోధుమ వేశాడు. ఆటలో చెరుకు నీళ్ళ పక్కనే మొలుస్తుంది, అందుకని సాలు సాలుకూ కాలువ తవ్వాడు. మా తాత తవ్వించిన బావి, దాని పక్కన మోటరు గది, గదిలో స్టార్టర్ డబ్బా కూడా పెట్టాడు. పగటిపూట చూస్తే అది మా పొలమే. రాత్రయితే మాత్రం ఏ ఊరిదో తెలియని రాత్రి. ఆ రాత్రిని మా రాత్రి చెయ్యాలని నేను పూనుకున్నాను.

ఆ రాత్రి వాడికి తెలియదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అప్పటికి వాడు చిన్నపిల్లాడు. నా చిన్నప్పుడు మోటర్లకు త్రీ ఫేజ్ కరెంటు విడతలుగా వచ్చేది. ఒక విడత రాత్రిపూట ఉండేది, ఏ వారం ఏ వేళో చూసుకోవాలి. నాయిన పన్నెండింటికో రెండింటికో లేచి పొలానికి పోయేవాడు. సెలవుల్లో నేనూ వెంట పడేవాణ్ణి. ఇంటి నుంచి బావి దాకా ఇరవై నిమిషాల నడక. చెరుకు తోట పక్కన సన్నటి ఒడ్డు మీద నడవాలి. ఆకులు చెంపలకు కోసుకునేవి. అడవి పందులు తోటలో కదిలితే గాలికి కదిలిన చప్పుడుకూ దానికీ తేడా చెవులకు తెలిసేది.

నాయిన చేతిలో బ్యాటరీ ఉండేది. మా దగ్గర టార్చిలైటును బ్యాటరీ అనే అంటారు. అది ఎప్పుడూ ఆర్పే ఉండేది. సెల్లు అయిపోతుందని అనుకునేవాణ్ణి. ఒకసారి భయమేసి వెయ్యమంటే ఆయన ఇట్లన్నాడు: "బ్యాటరీ ఏస్తే అది పడ్డకాడనే కనవడ్తది. ఆర్పితే అంత కనవడ్తది. మొగులు దిక్కు చూసుకుంట నడువు." మొగులంటే మాకు ఆకాశం. నిజంగానే కాసేపటికి చెట్లు నల్లగా, వాటి వెనక ఆకాశం కొంచెం పల్చగా, కాళ్ళ కింద ఒడ్డు అటూ ఇటూ ఉన్న తోటకన్నా ఒక పిసరు తెల్లగా కనబడేవి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుందని పెద్దయ్యాక చదివాను. ఒక్కసారి బ్యాటరీ వేస్తే ఆ సంపాదనంతా పోతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

షేడర్‌ను మళ్ళీ రాయడానికి నాయిన అన్న ఆ ఒక్క మాటే ఆధారమైంది. ఈసారి ల్యాప్‌టాప్ ముందు కూర్చోలేదు. సాయంత్రం ఆరింటికి పొలం గట్టు మీద కూర్చున్నాను, చీకటి పడేదాకా కదల్లేదు. అలా కూర్చోకపోయి ఉంటే ఇప్పుడు చెప్పబోయేది నాకు దొరికేది కాదు.

పొద్దు గుంకగానే మట్టి ఎర్రగానే ఉంది, ఇంకా ఎర్రబడినట్టు కూడా అనిపించింది. పావుగంట గడిచింది. చేతిలోకి తీసుకున్న మట్టిబెడ్డ ఇటుకరంగు వదిలి గోధుమరంగుకు వచ్చింది. ఆ పక్కన జొన్న ఆకు ఇంకా పచ్చగానే ఉంది. మరో పది నిమిషాలకు మట్టి నల్లగా అయింది. అవును, నల్లగా. ఆకు మాత్రం రంగు పోయి బూడిదలాగా వెలుగుతూనే ఉంది. పగలు చూస్తే ఆకూ మట్టీ వెలుతురులో పెద్ద తేడా లేనివి. రాత్రి పడేసరికి ఆకు తెల్లటి కాగితంలా, మట్టి బొగ్గులా విడిపోయాయి. నా పక్కన పెట్టుకున్న నీలం రంగు నీళ్ళ సీసా కూడా మట్టికన్నా ఎంతో సేపు కనబడింది.

దీన్ని చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే రెండు వందల ఏళ్ళ కిందట పూల రంగుల్లో గమనించాడు. పగలు మండిపోయే ఎర్రపువ్వు తెల్లవారుజామున అన్నిటికన్నా నల్లగా ఉంటుంది. కారణం కంటి లోపలిదే. పగలు పనిచేసే శంకు కణాలు పసుపుపచ్చ వెలుతురును బాగా పట్టుకుంటాయి. రాత్రి పనిచేసే దండ కణాలు నీలం వైపు మొగ్గుతాయి, ఎరుపును దాదాపు పట్టించుకోవు. రంగుల తేడా కూడా వాటికి తెలియదు. మాలాంటి ఎర్రమట్టి సీమలో ఈ సంగతి పుస్తకంలో చదవాల్సిన పని లేదు, నేలంతా రోజూ సాయంత్రం చేసి చూపిస్తుంది. అందుకే నేను చూసిన చీకటి షేడర్లలో మా ఎర్రనేల రాత్రి దొరకలేదనుకుంటాను. అక్కడ నేల రాత్రిపూట కూడా కొంత ఎర్రగా, పైన నీలం గుడ్డ కప్పినట్టు ఉంటుంది.

కంప్యూటర్లో రంగును నలుపు తెలుపుకు మార్చడానికి అందరూ వాడే అంకెలు మూడు ఉన్నాయి. ఎరుపుకు 0.2126, పచ్చకు 0.7152, నీలానికి 0.0722. ఇవి పగటి కన్ను అంకెలు. నేను రాత్రి కోసం వేరే అంకెలు పెట్టుకున్నాను. ఎరుపును 0.02కు దించి, మిగతాది పచ్చకూ నీలానికీ కొంచెం అటూఇటుగా సగం సగం పంచాను. వెలుతురు బాగా ఉన్న చుక్కకు పగటి లెక్క, లేని చుక్కకు రాత్రి లెక్క, మధ్యలో రెండూ కలిసేలా రాశాను. మార్చింది ఆరు వరసలు. ఆట తెరిచి సూర్యుడు దిగేదాకా ఆగాను. ఆటలో పగలూ రాత్రీ కలిపితే 20 నిమిషాలే, కాబట్టి ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. టెర్రకోటా నేల గోధుమరంగుకు వచ్చింది, తర్వాత నల్లబడింది. దాని మీద చెరుకాకులు తేలినట్టు నిలబడ్డాయి. ఒళ్ళు జలదరించింది. మా ఒడ్డు అది.

తర్వాత దీపాల సంగతి. మైన్‌క్రాఫ్ట్‌లో వెలుతురుకు సున్నా నుంచి 15 దాకా అంకెలుంటాయి. కాగడా 14, ఒక్కో దిమ్మె దూరానికి ఒక్కో అంకె తగ్గుతుంది. షేడర్ రాసేవాడికి మేలు చేసే విషయం ఒకటుంది. ఆకాశం నుంచి వచ్చే వెలుతురూ దీపం నుంచి వచ్చే వెలుతురూ రెండు వేర్వేరు అంకెలుగా చేతికొస్తాయి. ఒకదాన్ని ముట్టకుండా రెండోదాన్ని మార్చుకోవచ్చు. నా మొదటి షేడర్ ఈ రెంటినీ ఒకే మూటలో కట్టింది.

ఇప్పుడు దీపం అంకెను 15తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించుకుంటూ ఆరో ఘాతం దాకా తీసుకుపోయాను. 14 అంకె దగ్గర 66 శాతం వెలుతురు మిగిలింది. 10 దగ్గర 9 శాతమే. 7 దగ్గర ఒక్క శాతం. అంటే కాగడా కింద నాలుగైదు అడుగుల గుండ్రటి వెలుగు, దాని అంచు దాటితే ఏమీ లేదు. వాకిట్లో బల్బు వేసుకుని కూర్చుంటే గేటు అవతల మనిషి మొహం ఆనకపోవడం ఇదే. వెలుగు పెంచుతూ పోతే భయం పోదు, అంచు దూరం జరుగుతుందంతే. అంచు దగ్గరగా ఉన్నప్పుడు దీపం విలువ తెలుస్తుంది. పిల్లవాడు అప్పటిదాకా దారి పొడుగునా కాగడాలు గుచ్చి పెట్టాడు. షేడర్ మారాక మూడొంతులు వాడే పీకేశాడు. ఎందుకు పీకావని అడగలేదు. వాడు మిగిల్చినవి ఇంటి ముందర ఒకటి, మోటరు గది గుమ్మంలో ఒకటి.

మోటరు గదిలో స్టార్టర్ డబ్బా మీద మూడు చిన్న బల్బులుంటాయి. ఎరుపు, పసుపు, నీలం, మూడు ఫేజులకు మూడు. దూరం నుంచి వాటిని చూసే నాయిన నడక జోరందుకునేది. మూడూ వెలిగితే కరెంటు వచ్చినట్టు. రెండే వెలిగితే తిరిగి ఇంటికి. పిల్లవాడికి ఈ సంగతి చెబితే ఎరుపుకు రెడ్‌స్టోన్ కాగడా, పసుపుకు ఒక కొవ్వొత్తి, నీలానికి సోల్ లాంతరు తెచ్చి పెట్టాడు. ఆటలో వాటి వెలుగు 7, 3, 10. మామూలు ఆటలో ఆ నీలం లాంతరు గదినంతా వెలిగించేస్తుంది. ఆరో ఘాతం వేశాక మూడూ వట్టి చుక్కలయ్యాయి. తాము కనబడతాయి, దేన్నీ కనిపించనివ్వవు. స్టార్టర్ బల్బు అట్లాగే ఉంటుంది.

చీకటినీ పొగమంచునీ ఆటలవాళ్ళు మొదట్లో లోపం కప్పిపుచ్చడానికి వాడుకున్నారు. 1999లో వచ్చిన సైలెంట్ హిల్‌లో ఊరంతా మంచు కమ్మి ఉంటుంది. ప్లేస్టేషన్‌కు దూరంగా ఉన్న ఇళ్ళు గీసే శక్తి చాలకపోవడం దానికొక కారణం. ఆడినవాళ్ళకు మాత్రం ఆ మంచే ఆ ఊరు. మన ఇంటర్నెట్ సెంటర్లలో ఒక తరం పిల్లలు ఆడిన జీటీఏ శాన్ ఆండ్రియాస్ సంగతీ అదే. 2004 నాటి ఆటలో దూరమంతా నారింజరంగు మసకలో ఉండేది. 2021లో కొత్త మెరుగులతో మళ్ళీ తెస్తే ఆ మసక పోయింది, కొండెక్కి చూస్తే ఊళ్ళన్నీ పక్కపక్కనే కనబడి సీమంతా కుంచించుకుపోయింది. అభిమానులు బాధపడ్డారు. 2024 నవంబర్లో పాత వెలుతురును తిరిగి తెచ్చే అప్‌డేట్ వచ్చింది. కనబడని దూరాన్ని మనసు తనకు తోచినంత పెద్దది చేసుకుంటుంది. నా షేడర్‌లో కూడా ఒడ్డు చివర ఏముందో కనబడదు. ఆటలో అది అరవై దిమ్మెల దారే, నడిస్తే మాత్రం ఇరవై నిమిషాల దారిలా ఉంటుంది.

ఎవరి కన్నుతో చూస్తున్నామన్నది మా పక్క ఊరివాళ్ళు నాకన్నా ముందే తేల్చి పెట్టారు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. 1990ల రెండో సగంలో ఆ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువ మంది బడికి పోని దళిత రైతులు, వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. సంస్థను నడిపిన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన మనిషి. 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ ఆడవాళ్ళు షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. ఊరి పటేలు అలాగే చూస్తాడు. కింద నుంచి తలెత్తి చూసేది అణిగి ఉన్న మనిషి చూపు. ఎదురెదురుగా, సమానంగా చూసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. సినిమా బళ్ళలో చెప్పే కొలతల పేర్లకన్నా ఇవి నాకు ఎంతో లోతుగా తోస్తాయి. కెమెరా ఎంత ఎత్తులో ఉందో కాదు, చూసేవాడికీ కనబడేవాడికీ మధ్య ఏముందో వాళ్ళు చెప్పారు.

వాళ్ళను చూసే నేను నా షేడర్ అమరికలకు మా మాటల్లో పేర్లు పెట్టుకున్నాను. 'ముసురు' ఒకటి, శ్రావణంలో మూడు రోజులు పొద్దు కనబడనప్పటి వెలుతురు, నీడలుండవు. 'కరెంటు పోయింది' ఇంకొకటి, అందులో ఆకాశం చుక్కలతో పల్చగా, ఇళ్ళు నల్లటి ముద్దలుగా ఉంటాయి. 'మోటరు రాత్రి' మూడోది. పేరు మనదైతే ఏ అంకె ఎంత ఉండాలో గుర్తుపట్టడం తేలిక. 'మూడీ' అని పేరున్న షేడర్ల పెట్టెలో వెతికితే నాకు ఎవరి రాత్రో దొరికింది, బహుశా పైన్ చెట్లున్న చలిదేశపు రాత్రి. దాన్ని తప్పుపట్టను. అది తెచ్చి మా చెరుకు మీద కప్పితే మాత్రం రెండూ పాడవుతాయి.

వెన్నెల రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం మార్కస్ బార్ట్లే దగ్గరికి పోయాను. 1957 నాటి మాయాబజార్‌కు ఆయన కెమెరామన్. ఆయన సృష్టించిన వెన్నెలను తెలుగువాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. సినిమా ఆపి ఆపి చూస్తే నాకు అర్థమైందేమిటంటే ఆ రాత్రుల్లో నలుపు తక్కువేమీ కాదు. నీళ్ళ మీద, బుగ్గల మీద, ఆకుల అంచుల మీద తెలుపు ఉండాల్సిన చోట పూర్తిగా ఉంది, మిగతాది మెత్తటి బూడిదరంగు. ఆ సినిమాకు 2010లో రంగులద్దారు. చాలా ఓపికతో చేసిన పని, నాకు గౌరవముంది. నేను మాత్రం వెన్నెల కోసం నలుపు తెలుపు ప్రతినే చూస్తాను. మన దండ కణాలకు రంగు తెలియదు కదా, బార్ట్లే రాత్రి కన్నుకు దగ్గరగా ఉంది.

ఒక ఇబ్బంది చాలా రోజులు వేధించింది. ఆకాశం నలుపు నుంచి కొంచెం పల్చటి నలుపుకు మారే చోట గీతలు పడేవి, చెరువు ఎండుతుంటే ఒడ్డున అంచెలంచెలుగా పడే గీతల్లాగా. తెర ఒక్కో రంగుకు 256 మెట్లే చూపగలదు. చీకట్లో మనం వాడుకునేది వాటిలో అడుగున ఉన్న పదో పదిహేనో మెట్లు. ఆ కొద్ది మెట్లను ఆకాశమంతా పరిస్తే మెట్టు మెట్టుకూ గీత కనబడుతుంది. మందు చిన్నదే. ప్రతి చుక్కకూ అర మెట్టు అటో ఇటో పోయేలా కొంచెం నూక చల్లినట్టు చల్లాలి. గీతలు మాయమయ్యాయి. దాంతో పాటు నేను కోరనిది కూడా వచ్చింది. చిమ్మచీకట్లో కళ్ళ ముందు సన్నగా కదిలే ఆ గింజలు తెర మీద కనబడ్డాయి. ఏమీ లేని చోట ఏదో కదులుతున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు అదే పంది అనుకుని నాయిన చొక్కా పట్టుకునేవాణ్ణి.

సంక్రాంతికి అక్క వాళ్ళు మళ్ళీ వచ్చారు. రాత్రి భోజనాలయ్యాక పిల్లవాడు ఆట తెరిచి 'మోటరు రాత్రి' పెట్టాడు. బ్రైట్‌నెస్ జోలికి పోలేదు. లేచి వెళ్ళి గదిలో ట్యూబ్‌లైటు ఆర్పి వచ్చి కూర్చున్నాడు. నాయిన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి, పొలం పని నేనే చూసుకుంటున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటి ముందు దీపం వెనకబడింది. ఒడ్డు మొదలైంది.

"మొగులు మంచిగున్నది," అన్నాడు.

తర్వాత దూరంగా మూడు చుక్కలు కనబడ్డాయి. నాయిన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మూడు ఒచ్చినయ్."

"తాతా, గవి నేనే పెట్టిన," అన్నాడు పిల్లవాడు.

"ఆగు బిడ్డా, ఆగు. గీడ ఒడ్డు మల్గుతది. గీడ ఒక బండ ఉండె. కాలుతోటి దేవులాడుకుంట పోతుంటి."

పిల్లవాడు ఆగి, సంచి తెరిచి, రాతి దిమ్మె ఒకటి తీసి తాత చూపిన చోట పెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశాడు. దిమ్మె మట్టిలో కలిసిపోయింది, అక్కడ ఏమీ లేనట్టే ఉంది. వాడు మళ్ళీ ముందుకు నడిచాడు. దిమ్మె తగిలి బొమ్మ ఆగిపోయింది. కుర్చీ కింద నాయిన కుడికాలు మెల్లగా ముందుకు జరిగి, నేలను తడిమింది.